గాడిలో మిగిలిన కాడలు కూడా తూచండి

పశుగ్రాస రకాలను పరీక్షించే శాస్త్రవేత్తలకు, వాటిని మాకు సిఫారసు చేసే పశుసంవర్ధక శాఖ అధికారులకు ఒక పాడి రైతు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఐదు ఆవులున్నాయి. నాలుగు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసువి, ఒకటి జెర్సీ క్రాసు. ఒకే బోరు, ఒకటిన్నర అంగుళం నీళ్లు. అందులోనే టమోటా పండాలి, అందులోనే గడ్డి పెరగాలి. అర ఎకరాలో గడ్డి వేసి ఇది నాలుగో ఏడు. మా వైపు గడ్డిని కసువు అంటాం. ఆ కసువు కోసేది నేను, మోపు ఎత్తేది నేను, గాడిలో వేసేది నేను. పాల కేంద్రంలో స్లిప్పు తీసుకునేది మాత్రం మా ఆయన. అందుకే ఈ ఉత్తరం ఆయన కాకుండా నేను రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఆయన ఒక రైతు మేళా నుంచి రంగుల కరపత్రం తెచ్చారు. దాని మీద మనిషి కంటే రెండింతలు ఎత్తున్న నేపియర్ గడ్డి, ముందు నవ్వుతూ నిలబడిన ఒక రైతు. కింద పెద్ద అక్షరాల్లో ఎకరాకు ఇన్ని టన్నులు అని ఉంది. కణుపు ముక్క రూపాయిన్నర. అర ఎకరాకు ఆరు వేల ముక్కలు కావాలన్నారు. తొమ్మిది వేలు పెట్టి తెచ్చాం. నాటిన నెలకు చూస్తే నాలుగో వంతు మొలవలేదు. మొలిచినవి కూడా ఒక్క తీరుగా లేవు. కొన్ని దుబ్బులకు వెడల్పాకు, నున్నటి కాడ. కొన్నింటికి సన్నాకు, కాడంతా నూగు. అమ్మినాయన్ని అడిగితే, అదే రకమమ్మా, నేల తేడా అన్నాడు. ఒకే సాలులో రెండు అడుగుల దూరానికే నేల మారిపోతుందా?

ముందే చెబుతున్నాను, నేను నేపియర్‌కి వ్యతిరేకిని కాను. ఇవాళ కూడా మా మడిలో సగం అదే ఉంది. సజ్జకూ ఏనుగు గడ్డికీ సంకరం చేసి దీన్ని తయారు చేసినవాళ్లకు దండం పెట్టాల్సిందే. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకునే గడ్డి మా అమ్మ కాలంలో లేదు. గట్ల మీద చెక్కుకొచ్చిన గరికతో, చెనక్కాయ కట్టెతో ఆవుల్ని సాకింది ఆమె. నా పేచీ గడ్డితో కాదు, దాన్ని మాకు చూపించే లెక్కతో.

కోయంబత్తూరులో 2008లో విడుదలైన కో-4 నేపియర్ రకానికి హెక్టారుకు ఏడాదికి 380 నుంచి 400 టన్నుల పచ్చిమేత వస్తుందని రాస్తారు. అంటే ఎకరాకు 160 టన్నులు అనుకుందాం. థాయిలాండ్ నుంచి వచ్చిన పాక్‌చాంగ్ గడ్డి, అదే మన దగ్గర సూపర్ నేపియర్ అంటారే, దాన్ని అమ్మేవాళ్లు ఇంకా ఎక్కువే చెబుతారు. మా అబ్బాయి వ్యవసాయ పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఒక రోజు వాడు, నేను కూర్చుని ఈ 160 టన్నులకు లెక్క కట్టాం. నూటికి 18 వంతులు ఎండు పదార్థం అనుకుంటే 29 టన్నులు. అందులో నూటికి 9 ప్రొటీన్ అనుకుంటే రెండు టన్నుల ఆరు వందల కిలోలు. ప్రొటీన్‌లో ఆరో వంతుకు కొంచెం తక్కువ నత్రజని ఉంటుంది కాబట్టి ఒక్క ఎకరా నేల నుంచి ఏడాదిలో 400 కిలోల పైగా నత్రజని లేచిపోవాలి. అది యూరియాలో చెప్పుకుంటే 45 కిలోల బస్తాలు ఇరవై! పేడ తిరిగి మడికే తోలుతాం, నిజమే. అయినా ఇరవై బస్తాల లోటు అంతా పేడతో పూడుతుందా? ఆ నీళ్లు, ఆ ఎరువు పెడితే మీ మడిలో ఆ దిగుబడి వచ్చే ఉంటుంది, కాదనను. కానీ కరపత్రంలో 160 ఉంది, ఇరవై బస్తాలు లేవు. మోపులు లెక్కేసి నోట్‌బుక్‌లో రాసుకుంటే మాకు వచ్చింది ఆ లెక్కలో మూడో వంతు.

ఇంకో పని కూడా చేశాం. నలభై రోజుల నేపియర్‌ను కిలో తూచి, సన్నగా నరికి, కొట్టం పైన రేకు మీద ఆరబోశాం. నాలుగు రోజులు మంచి ఎండ. తిరిగి తూచితే 160 గ్రాములు. మిగతా 840 గ్రాములు నీళ్లు. మా బోరు నీళ్లనే మోపు కట్టి నెత్తిన పెట్టుకుని మోస్తున్నానన్నమాట. అదే రోజు మామిడి చెట్ల కింద ఉన్న గినీ గడ్డిని కూడా కిలో ఆరబెట్టాను. అది 230 గ్రాములు మిగిలింది. చూపుకి నేపియర్ ముందు గినీ గడ్డి పిల్లకాయలా ఉంటుంది. మరి ఆవుకి కావాల్సింది ఏది? నాలుగు వందల కిలోల పాలావుకి రోజుకు పన్నెండు కిలోల ఎండు పదార్థం కావాలని మీరే చెబుతారు. ఇరవై ఐదు కిలోల లేత నేపియర్ వేస్తే అందులో నాలుగు కిలోలే అందుతుంది. కడుపు ఉబ్బుతుంది, ఆకలి తీరదు. మా గౌరి అరుస్తూనే ఉండేది, మేత ముందరే ఉండగా.

ఇప్పుడు గాడి సంగతి. పోయిన కార్తీకంలో ఒక రోజు చింతపండు తూచే కాటా తెచ్చి కొట్టంలో కట్టాను. ఆ రోజు కరెంటు లేదు, చాప్‌కట్టర్ ఆడలేదు. అరవై రోజులు దాటిన నేపియర్‌ను ఇరవై కిలోలు తూచి నిలువుగానే గౌరికి వేశాను. ముందు ఆకులు లాగింది. నాలుక చుట్టి కొసలు పట్టుకుని తల విదిల్చి తెంపుకుంది. ఆకు అయిపోయాక కాడని ఒక కొస నుంచి రెండుసార్లు నమిలి వదిలేసి, మూతితో గాడి అవతలికి తోసింది. మధ్యాహ్నానికి చెత్త ఎత్తి తూచితే ఏడు కిలోల కాడలు. మర్నాడు కరెంటు వచ్చింది, అదే వయసు గడ్డిని నరికి వేశాను. అప్పుడు కూడా రెండున్నర కిలోలు మిగిలింది. ఇరవై కిలోలకు ఏడు కిలోలంటే మూడో వంతు పేడదిబ్బకి. మీ టన్నుల లెక్కలో ఆ కాడలు కూడా ఉన్నాయి కదా?

మీరు ఆకు, కాడ నిష్పత్తి చూడరని అనడం లేదు. మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. ఝాన్సీలో 1962లో పెట్టిన భారత పశుగ్రాస పరిశోధన సంస్థ ఉంది. అఖిల భారత స్థాయిలో పశుగ్రాస పంటల పరిశోధన పథకం ఉంది, హైదరాబాదు దగ్గరి మన రాజేంద్రనగర్‌లోనూ దాని పని జరుగుతుంది. ఏపీబీఎన్-1 అనే నేపియర్ అక్కడ తయారైందే. ఆ నివేదికల్లో పచ్చిమేత దిగుబడి ఒక గడి, ఎండుమేత ఒక గడి, ప్రొటీన్ ఒక గడి, ఆకు కాడ నిష్పత్తి ఒక గడి, పట్టికలు పట్టికలుగా ఉన్నాయి. అంటే మీకు తెలుసు. మరి అక్కడి నుంచి మా ఊరికి వచ్చేసరికి ఆ గడులన్నీ ఏ దారిలో జారిపోయి ఒక్క టన్నుల గడే మిగులుతోంది? నాకు అసలు కోపం ఇక్కడే.

మీ పట్టికల్లో లేనివి కూడా కొన్ని ఉన్నాయి. కోత సంగతి చెబుతాను. మొదటి కోత డెబ్బై ఐదు రోజులకు, తర్వాత ప్రతి నలభై ఐదు రోజులకు ఒక కోత అని మీరు రాస్తారు. పరిశోధన క్షేత్రంలో మడి మొత్తం ఒకే రోజు కోసి తూస్తారు. మేం అలా కోయం. రోజుకు రెండు సాళ్లు, మర్నాడు రెండు సాళ్లు. మా మడి ఎప్పుడు చూసినా మెట్లు మెట్లుగా ఉంటుంది, ఒక పక్క మోకాలెత్తు, ఇంకో పక్క నెత్తి దాటి. టమోటా కోతలొచ్చాయంటే కూలీలకు వంట, బాక్సులు, లోడింగు. గడ్డి వెనకబడుతుంది. చివరి సాళ్ల దగ్గరికి వచ్చేసరికి డెబ్బై రోజులు. కాడ చెరుకులా ఉంటుంది, తీపి మాత్రం ఉండదు. టమోటా ధర పడిపోయిన ఏడాది ఆవుల్ని టమోటా తోటలోకే తోలేస్తాం కాబట్టి అప్పుడు కోత ఇంకా ఆలస్యం, అది వేరే ఏడుపు. వానాకాలంలో దీనికి తిరగబడుతుంది. గడ్డి ఎగబడి పెరుగుతోందని నెలకే కోస్తే పేడ పల్చనయింది, స్లిప్పులో ఫ్యాట్ 3.6 నుంచి 3.1కి దిగింది. పాలు అన్నే, డబ్బు తక్కువ. మాలాంటి వాళ్లకు ఏ రకం నలభై ఐదు రోజులకు బాగుంటుందో చెబితే సగం జవాబే. పదిహేను రోజులు ఆలస్యమైతే ఏ రకం ఎంత పాడవుతుందో చెప్పండి. ఆలస్యాన్ని ఓర్చుకునే గడ్డే మాకు మంచి గడ్డి, అది పది టన్నులు తక్కువిచ్చినా సరే.

కోసేవాళ్ల చేతులు కూడా మీ పరీక్షలో లేవు. తెల్లారుజామున మంచు మీద నేపియర్‌లోకి దిగి చూడండి. ఆకు అంచు సన్న రంపం. నూగు మెడ మీద, మోచేతి లోపల అంటుకుంటే మధ్యాహ్నం దాకా దురద. చెమట పట్టిందంటే మంట. నేను మా ఆయన పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువాలు చుట్టుకుని దిగుతాను. పెళ్లికి వెళితే గాజులు వేసే ఆమె నా చేతులు చూసి, ఏందక్కా పిల్లి రక్కిందా అని అడిగింది. మడిలో మొలిచిన ఆ వెడల్పాకు దుబ్బులకు నూగు తక్కువ. నన్నడిగితే ఆ ఒక్క గుణానికి వందకు యాభై మార్కులు వేస్తాను. రకాలు పరీక్షించేటప్పుడు నలుగురు ఆడవాళ్లకు కొడవళ్లిచ్చి తలా ఒక సాలు కోయించి, ఏది మళ్లీ కోస్తారమ్మా అని అడిగితే మీకు ఒక పూట పని.

మే నెల గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. మా పడమటి మండలాల్లో ఏప్రిల్ దాటితే బోరు గంట పోసి గంట ఆగుతుంది. పది రోజులకో తడి అన్న మాట అప్పుడు నవ్వులాట. నీళ్లు పెడితే పెరిగే గడ్డి ఏదో కనుక్కోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. నలభై రోజులు నీళ్లు మానేసి, జూన్‌లో మొదటి వాన పడ్డాక ఏ దుబ్బు తిరిగి చిగురేస్తుంది, ఏది ఎండి పోయి మళ్లీ ముక్కలు కొనిపిస్తుంది, ఇది చెప్పండి. మా మడిలో నేను చూసింది ఇది: నేపియర్ ఆకులన్నీ ఎండినా మొదళ్లు బతికాయి, కానీ మూడింట ఒక దుబ్బు పోయింది. మామిడి కింద గినీ గడ్డి నీడకి బతికిపోయింది. ఇది ఒక్క మడి, ఒక్క ఏడు మాట. మా నేల గరుసు. నల్లరేగడిలో ఇంకోలా ఉంటుంది. అందుకే కదా మీరు కావాల్సింది.

మామిడి కింద గినీ గడ్డి మాట వచ్చింది కాబట్టి ఒక ప్రశ్న. చిత్తూరు వైపు ఎక్కడ చూసినా మామిడి తోటలే. చెట్ల మధ్య ఖాళీ జాగాలో నీడలో ఏ గడ్డి ఎంత ఇస్తుందో, దాని వల్ల కాయకు నష్టమెంతో మా తోటల్లోనే పెట్టి చూపిస్తే గడ్డికి వేరే నేల వెతుక్కునే పని తప్పుతుంది. గినీ గడ్డి నీడకు ఓర్చుకుంటుందని పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. తోతాపురి కింద, మా నేలలో, ఎన్ని కిలోలు అన్నదే కావాలి.

జొన్న గురించి ఒక్క మాట. ఎక్కువ కోతలిచ్చే పశుగ్రాస జొన్న విత్తనం మా దగ్గర బాగా వేస్తారు. మా పక్క పొలంలో ఒక ఏడు వాన మధ్యలో ఎగదీసింది. కోసిన మొదళ్లకు మోకాలి కంటే తక్కువ పిలకలు వచ్చాయి. కట్టు తెంచుకున్న పెయ్య అందులో పడి మేసింది. గంట గడవకముందే చచ్చిపోయింది. ఎద్దడిలో లేత జొన్నలో చేరే విషం, నాము అని పెద్దవాళ్లకు తెలుసు, పాతికేళ్ల కుర్రాడికి తెలియదు. విత్తనం సంచి మీద ఎంత వెతికినా తెలుగులో ఆ మాట లేదు. పూత దశకు ముందు, ఎద్దడిలో ఉన్నప్పుడు మేపొద్దని ఒక్క వాక్యం, దిగుబడి అంకె పక్కనే అంత పెద్ద అక్షరాల్లో వేయించండి. రకం మంచిదా కాదా అన్న పరీక్షలో, మేస్తే చచ్చే రోజులెన్ని అన్నది మొదటి గడిలో ఉండాలి.

నేపియర్‌లోనూ ఒకటుంది, చావుదాకా రాదు కానీ. దాని లేత ఆకులో ఆగ్జలేట్ అనే పదార్థం ఎక్కువ, అది సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, ఒంటికి అందకుండా కట్టేస్తుందట. పాలావుకి సున్నమే ప్రాణం. మాకు ఈ సంగతి ఈనిన ఆవు లేవలేక కూలబడినప్పుడు డాక్టరు గారు చెబితే తెలిసింది. అదొక్కటే కారణమని ఆయన అనలేదు, నేనూ అనను. అప్పటి నుంచి మూడు మోపుల నేపియర్‌కి ఒక మోపు దశరథ గడ్డి, అదే పప్పుజాతి మేత, కలుపుతున్నాను. గట్టు పొడవునా వేశాను, అవిసె కూడా నాలుగు చెట్లు. దశరథ గడ్డికి టన్నులు లేవు, ఫొటోకి ఎత్తు లేదు. అందుకే మేళాల్లో దాని ముందు ఎవరూ నిలబడరు. గౌరికి మాత్రం మోపు విప్పగానే ముందు అదే కావాలి. గడ్డి రకాల్ని ఒక్కొక్కటిగా కాకుండా పప్పుజాతి మేతతో కలిపి, ఆవుకి పెట్టి, పాలు తూచి చెప్పండి. దాణా ఎంత తగ్గింది, అది కూడా. నూనె చెక్క ధర చూస్తున్నారుగా.

ముక్కల సంగతి మళ్లీ ఒకసారి. సంకర నేపియర్‌కి మొలిచే విత్తనం రాదు కాబట్టి అంతా ముక్కలతోనే. సంచి లేదు, లేబుల్ లేదు. ఎవరి మడి నుంచి ఎవరు కోసుకొచ్చి ఏ పేరు పెట్టి అమ్మినా అడిగే దిక్కు లేదు. ఒక్కటే మొక్క ఊరంతా, జిల్లా అంతా పాకిపోతుంది. కెన్యాలో చిన్న పాడి రైతులు మాలాగే నేపియర్ మీద బతుకుతారట. అక్కడ పడమటి ప్రాంతంలో దుబ్బుని గిడసబార్చే తెగులొకటి దీపపు పురుగుల లాంటి వాటితో, నాటు ముక్కలతో పాకి మడులకు మడులు పోయాయని అబ్బాయి చదివి వినిపించాడు. అదే కెన్యాలో, రువాండాలో బ్రాకియేరియా గడ్డి రకాలను రైతుల పొలాల్లో పెట్టి, రైతులతోనే మార్కులు వేయించి చూశారట. ఆ గడ్డి పుట్టింది ఆఫ్రికాలోనే. దక్షిణ అమెరికా వెళ్లి, మెరుగులు దిద్దుకుని, పుట్టింటికి తిరిగొచ్చింది. మన డెల్టాలో కాలవల పక్కన పెరిగే పారా గడ్డి కూడా ఆ కుటుంబమేనట. కెన్యా సంగతి ఎందుకు చెప్పానంటే, మండలానికొక తల్లి మడి పెట్టి, రకం ఇదే, తెగులు లేదు అని మీరు సంతకం చేసి ముక్కలిస్తే, రూపాయిన్నర కాదు, మూడు రూపాయలైనా కొంటాం.

పరీక్ష మా పొలాల్లో పెట్టండి. ఒకటి నీళ్లున్న రైతు దగ్గర, ఒకటి మాలాంటి సగం బోరు వాళ్ల దగ్గర, ఒకటి వాన మీదే ఆధారపడ్డవాళ్ల దగ్గర. కార్తీకంలో వచ్చి ఫొటో తీసుకుని పోవద్దు, మే నెలలో కూడా రండి. పచ్చిగా తూచిన చోటే ఆరబెట్టి తూచండి, ఆవు తిన్నాక మిగిలింది తూచండి. ఫలితం బాగా రాకపోతే అది కూడా తెలుగులో రాసి పాల కేంద్రం గోడకి అంటించండి. రోజూ రెండు పూటలా మేం నిలబడేది అక్కడే.

మా అర ఎకరాలో తూర్పు వైపు పదిహేను సాళ్లు ఖాళీ చేస్తాను. మూడు నాలుగు రకాలు మీ ముక్కలతో మీరే నాటించండి, నీళ్లు మేం పెడతాం, మోపుల లెక్క నేను రాస్తాను. చింతపండు కాటా కొట్టంలోనే వేలాడుతోంది. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా పాలు పితుకుతుంటాను, ఆ వేళ తప్ప ఎప్పుడొచ్చినా మడిలోనే ఉంటాను. వచ్చేటప్పుడు ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని రండి.

ఇట్లు,
ఐదు ఆవుల పాడి రైతు
మదనపల్లె దగ్గరి పల్లె నుంచి